బరువు మోయని నాలుగు బోల్టులు

ఉదయం ఆరు గంటల నలభై రెండు నిమిషాలకు నూకరాజు జీపు ముందు చక్రాల నట్లు వదులు చేసి, జాకీ ఎత్తాడు. గాజువాక ఆటోనగర్‌లో అప్పటికి మరో షెడ్డు తెరవలేదు. అది 2043 జూన్ నెల. నగరంలో తిరిగే బండ్లలో సగానికి స్టీరింగ్ లేదు. రిపేరంటే సాఫ్ట్‌వేర్ మార్చడమే. ఇనుము కోసి, అతికి, బండి రూపాన్నే మార్చగల మేస్త్రీలు ఆటోనగర్ మొత్తం మీద ముగ్గురు మిగిలారు. వారిలో పెద్దవాడు నూకరాజు. వయసు యాభై ఎనిమిది.

డాక్టర్ హైమవతి పక్కనే స్టూలు మీద కూర్చుంది. విశాఖలోని ఒక పరిశోధన సంస్థలో ఆమె ఇంజినీరు. ఒళ్లో డ్రాయింగుల కట్ట ఉంది.

పాత జీపులో ముందు చక్రాలు రెండూ ఒకే ఇనుప ఏక్సిల్‌కి చెరో చివర ఉంటాయి, కావడి బద్దకి రెండు కుండల్లా. ఎడమ చక్రం రాయి ఎక్కితే కుడి చక్రమూ ఒరుగుతుంది. దానితో పాటు బండి, బండిలోని మనిషి. ఇప్పుడు దీనికి వేయబోయే ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో ఆ ఏక్సిల్ ఉండదు. ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి, రెండు ఇనుప ఆర్మ్‌లు బండి చట్రానికి, అంటే చాసీకి, పట్టి ఉంచుతాయి. ఒక చక్రం గోతిలో దిగినా రెండోదానికి ఆ సంగతి తెలియదు. ఇంతవరకూ నూరేళ్లు దాటిన విద్యే.

హైమవతి చేర్చినవి రెండు. షాక్ అబ్జార్బర్లలో నూనెకి బదులు ఒక ద్రవం. కరెంటు తగిలితే అది సెకనులో వెయ్యో వంతులో గట్టిపడుతుంది, ఆగితే నీళ్లలా పల్చబడుతుంది. రెండోది, ఒక్కో చక్రం ముందు అరచేయంత గుండ్రటి రాడార్. అది నేలలోకి అర మీటరు లోతు వరకు తరంగాలు పంపి, ముందున్నది రాయా, బురదా, బురద కింద దాగిన రాయా అని తెలుసుకుంటుంది. చక్రం అక్కడికి చేరేలోగా ఆర్మ్ ఎంత మెత్తబడాలో తేలిపోతుంది.

నూకరాజు పాత ఏక్సిల్ కోసి తీశాడు. బండి బరువు మోసే కమాన్ కట్టలు విప్పాడు. చాసీకి అడ్డంగా కొత్త ఉక్కు దూలం వెల్డింగ్ చేసి, దానికి నాలుగు ఆర్మ్‌లు బిగించాడు. తొమ్మిదో రోజున ఎడమవైపు కింది ఆర్మ్ దగ్గర అతని చెయ్యి ఆగింది. డ్రాయింగులో అక్కడ చిన్న ప్లేటు, నాలుగు బోల్టులు ఉన్నాయి.

"మేడమ్, ఈ ప్లేటేటి?"

"రికార్డర్ కోసం."

"బరువు మొయ్యదు, దేన్నీ పట్టుకోదు. నలభై ఏళ్లలో పని లేని బోల్టు నాను బిగించలేదు. ఏటి రికార్డు చేస్తాదది?"

"కుదుపులు."

"ఎవరికి?"

"ప్రయోగానికి."

ఆమె చెప్పినవన్నీ నిజాలే. ప్రతి జవాబూ ఒక వాక్యం ముందే ఆగిపోయిందని నూకరాజుకి అనిపించింది. బోల్టులు బిగించాడు. రికార్డర్ ఒక చిన్న పెట్టె, దానికి సీలు వేసి ఉంది. మూత మీద ఆకుపచ్చ దీపం.

జీపు వెళ్లాల్సింది పనసగెడ్డకి. తారు రోడ్డు నుంచి పద్నాలుగు కిలోమీటర్ల పైన ఉన్న కొండ ఊరు. మందులు డ్రోన్ తెస్తుంది, అయిదు కిలోల వరకు. రోగిని కిందికి దించాలంటే మాత్రం వెదురుకి కట్టిన డోలీలో భుజాల మీద మోయాల్సిందే. పన్నెండేళ్లుగా ఆ ఊరు రోడ్డు అడుగుతోంది. కొండ దారుల బోర్డు ఏటా అక్టోబరులో జాబితా విడుదల చేస్తుంది. పన్నెండుసార్లూ అందులో పనసగెడ్డ లేదు. ఇప్పుడు ఎవరూ అడగకుండానే, తొంభై రోజుల ప్రయోగం పేరుతో, ఎక్కడా లేని బండి వస్తోంది.

ఊళ్లో ఇది ముందుగా నచ్చనిది పాంగి దాసమ్మకి. ఆమె ఆరోగ్య కార్యకర్త. పద్దెనిమిదేళ్లలో నూట నలభై కాన్పులు చూసింది. డోలీ పక్కన ఎన్నిసార్లు నడిచిందో మాత్రం లెక్క పెట్టుకోలేదు. సంస్థ పంపిన ముప్పై ఒక్క పేజీల ఒప్పందాన్ని ఆ ఊళ్లో చివరిదాకా చదివింది ఆమె ఒక్కతే.

జూలై మొదటి వారంలో జీపు పైకి ఎక్కింది. సస్పెన్షన్ సరిచూడటానికి నూకరాజు కూడా వచ్చి అయిదు రోజులు ఉన్నాడు. నడిపేవాడు కిల్లో జగ్గారావు, దాసమ్మ అక్క కొడుకు. అతని భార్య జమునకి అప్పటికి అయిదో నెల.

అయిదో రోజు మధ్యాహ్నం దాసమ్మ జీపు కిందికి వంగి చూసింది.

"మేస్త్రీ, ఈ గుండ్రటివి నేలలోకి చూస్తాయంట గదా?"

"అర మీటరేనమ్మా."

"అర మీటరని ఎవరు కొలిచారు?"

నూకరాజు రాడార్ మీది బురద వేలితో తుడిచాడు. తనూ కొలవలేదు.

"మా తాతకి పంచదార పొట్లం, టార్చిలైటు ఇచ్చి రాళ్లు పట్టుకెళ్లారు. నేల పరీక్ష అన్నారు. రెండేళ్లకి గని కంచె పడింది. ఆ కంచె అవతల పసుపు మడి మాదే." ఆమె పెట్టె వైపు చూపించింది. "ఒప్పందం ఇరవై ఏడో పేజీలో ఉంది. రికార్డర్‌లోని వివరాలు అధికారిక అవసరాలకు, అని. ఎవరి అవసరాలకి?"

"నానూ అడిగానమ్మా. ప్రయోగానికి అన్నారు."

"నువ్వు నమ్మావా?"

"ఇనుముని నమ్ముతాను. కాయితాన్ని నమ్మడం నాకు రాదు."

జగ్గారావు నవ్వాడు. "పీకి గెడ్డలో పారేద్దాం పిన్నీ. కొట్టుకుపోయిందని చెబుదాం."

"ఒరే జగ్గా, తెలివి తక్కువ మాటలు మాటాడకు. బండి వెనక్కి తీసుకుపోతారు. జమునని నీ భుజాన మోస్తావా?"

నూకరాజు ఆ దీపాన్ని చూస్తూ కాసేపు ఆలోచించాడు. కరెంటు తెగితే దీపం ఎర్రగా మారి సంస్థకి కబురు వెళ్తుంది. కానీ పెట్టె ఎక్కడుండాలో దీపానికి తెలియదు. నేల రహస్యం విని దాచేది ఈ పెట్టే అయితే, దాన్ని నేలకి దూరంగా, మెత్తటి దాని మీద పెడితే చాలు.

"తియ్యొద్దు. మారుద్దాం," అన్నాడు.

నాలుగు బోల్టులూ విప్పాడు. తీగ పొడుగు చేసి, పెట్టెని బండి లోపలికి, స్ట్రెచర్ కిందికి తెచ్చాడు. కింద రెండు మడతల స్పాంజి, దాని మీద రబ్బరు షీటు, దాని మీద పెట్టె. ఆకుపచ్చ దీపం ఆరలేదు. పని సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి అతనికొక పద్ధతి ఉంది. స్టీలు గ్లాసు అంచు దాకా నీళ్లు నింపి పెట్టె పక్కనే ఉంచాడు. జగ్గారావు గెడ్డ దాటి, రాళ్ల మలుపు ఎక్కి, తిరిగి వచ్చాడు. గ్లాసు చుట్టూ రబ్బరు షీటు పొడిగా ఉంది.

"సూసేవా," అన్నాడు నూకరాజు జగ్గారావుతో. "సిమెంటు గచ్చు మీద మంచం ఏసినట్టు లేదూ?"

దాసమ్మ గ్లాసులోని నీళ్లు తాగేసి, "ఇప్పుడు విననీ ఎంత వింటుందో," అంది.

అరవై ఒకటో రోజున పెద్ద వాన. వంతల సొంబారికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. అయిదు నెలల క్రితం అదే స్థితిలో ఉన్న ఇంకో అమ్మాయిని డోలీలో దించడానికి అయిదున్నర గంటలు పట్టింది. బిడ్డ దక్కలేదు. ఈసారి జీపు మధ్యాహ్నం రెండూ పదికి బయలుదేరింది. దారి మూడు చోట్ల కనిపించలేదు. బురద కింద ఏముందో రాడార్లకే తెలుసు. నాలుగు ఆర్మ్‌లూ వేటికవే లేచి పడుతున్నాయి. కిటికీలోంచి చూస్తే చక్రాలు పిచ్చెత్తినట్టు ఎగురుతున్నాయి. లోపల స్ట్రెచర్ నిశ్చలంగా ఉంది. తొమ్మిదో కిలోమీటరు దగ్గర సొంబారి నిద్రపోయింది. లేచాక ఆమె అడిగిన మొదటి మాట: "తారు రోడ్డెక్కేశామా?"

"ఇంకా లేదమ్మా, పడుకో," అంది దాసమ్మ. ఆస్పత్రికి చేరడానికి గంటా రెండు నిమిషాలు పట్టింది. ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల నూరు గ్రాములు.

ఆ సాయంత్రం దాసమ్మ నూకరాజుకి ఫోన్ చేసింది. "మేస్త్రీ, నీ చెయ్యి మంచిది. ఆ మేడమ్ మాత్రం ఇంకా నాకు నచ్చలేదు. వారానికోసారి ఫోన్ చేసి, దారి ఎలా ఉందని అడుగుతుంది. నేను చెప్పను."

"ఏం?"

"దారి సంగతితో వాళ్లకేం పనో నాకు తెలియాలి గదా ముందు."

తొంభయ్యో రోజున జీపు ఆటోనగర్ షెడ్డుకి తిరిగొచ్చింది. దాసమ్మ కూడా దానితోనే దిగింది, మరో మూడు నెలలు ఉంచమని అడగడానికి. జమునకి ఎనిమిదో నెల. హైమవతి వచ్చి ముందు చక్రాల దగ్గర కూర్చుని, ఎడమ ఆర్మ్ చూసింది. ప్లేటు ఖాళీగా ఉంది.

"రికార్డర్ ఏది?"

నూకరాజు స్ట్రెచర్ దుప్పటి ఎత్తి చూపించాడు. స్పాంజి మీద పెట్టె. ఆకుపచ్చ దీపం.

"ఎప్పటినుంచి ఇక్కడుంది?"

"అయిదో రోజు నించి."

ఆమె స్టూలు కోసం చూసి, దొరక్క జీపు మెట్టు మీదే కూర్చుంది.

"రాడార్ చూసింది రాడార్‌లోనే చెరిగిపోతుంది," అంది. "ఈ పెట్టెకి దానితో సంబంధమే లేదు. ఇది కుదుపులు లెక్కపెడుతుంది. అంతే. లెక్క బోర్డుకి వెళ్తుంది."

"ఏ బోర్డుకి?" అంది దాసమ్మ.

"కొండ దారుల బోర్డుకి. ఈ ప్రయోగం చేయిస్తున్నది వాళ్లే. ఏ ఊరి దారి ఎంత అధ్వాన్నంగా ఉందో చక్రం దగ్గర కొలిచి, దాన్ని బట్టి రోడ్డు ఇస్తారు. కుదుపు సంఖ్య ఎనిమిది దాటితే రోడ్డు. నగరంలో మంచి రోడ్డుకి రెండు వస్తుంది."

పక్క షెడ్డులో గ్రైండర్ తిరుగుతోంది.

"ఈ మాట మొదటి రోజే చెబితే నీ నోరు పడిపోయేదా?" అంది దాసమ్మ. మేడమ్ అనలేదు.

"చెప్పకూడదని సంతకం పెట్టాను. రెండేళ్ల క్రితం ఇంకో ఊళ్లో కొలుస్తున్నారని తెలిసి, జనం దారిలో దుంగలు పరిచారు. సంఖ్య పెరగాలని. అప్పటినుంచి కొలుస్తున్న సంగతి ఊరికి తెలియకూడదని నియమం. మేమైనా మార్చేస్తామేమోనని పెట్టెకి సీలు వేసి, లెక్క నేరుగా వాళ్లకే వెళ్లేలా చేశారు. నేనూ ఆ సంఖ్య చూడలేదు."

"అంటే వాళ్లకి మామీద అనుమానం, నీమీద అనుమానం."

"అవును."

"మాకూ నీమీద అనుమానమేలే," అంది దాసమ్మ. ఆ మాటలో కోపం తగ్గింది. అలసట మిగిలింది.

నూకరాజు పెట్టె కింది స్పాంజిని నొక్కి చూశాడు. తొంభై రోజుల తర్వాత కూడా అది అణగలేదు. "నాను మంచి స్పాంజే ఏసాను," అన్నాడు, ఎవరితోనూ కానట్టు.

హైమవతి ఆ రోజే బోర్డుకి ఉత్తరం రాసింది. పెట్టె ఎక్కడ, ఎన్ని రోజులు ఉందో తారీఖులతో సహా రాసి, మొదటి నాలుగు రోజుల లెక్క మాత్రమే తీసుకోమని కోరింది. జీపుని మరో మూడు నెలలు ఉంచడం తన చేతిలో లేదని దాసమ్మకి చెప్పింది. జీపుని అప్పటికే మరో జిల్లాకి కేటాయించారు.

తొమ్మిది రోజులకి జాబితా వచ్చింది. దాసమ్మ ఫోనులో చూసి నూకరాజుకి చదివి వినిపించింది. పనసగెడ్డ దారి, పద్నాలుగు కిలోమీటర్లు. కుదుపు సంఖ్య 1.4. స్థితి అత్యుత్తమం. కొత్త రోడ్డు అవసరం లేదు. తదుపరి పరిశీలన మూడేళ్ల తర్వాత.

"జగ్గారావేటంటున్నాడు?" అని అడిగాడు నూకరాజు.

"డోలీకి వెదురు కొడుతున్నాడు."

మరో ఆరు రోజులకి హైమవతికి బోర్డు నుంచి జవాబు అందింది. ఉత్తరం జాబితా ఖరారయ్యాక చేరిందని అందులో ఉంది. ఆమె కోరిన మొదటి నాలుగు రోజుల లెక్క కూడా జతచేశారు. ఆ నాలుగు రోజుల కుదుపు సంఖ్య 17.8. మిగతా ఎనభై ఆరు రోజులతో దానికి పొంతన లేకపోవడంతో, పరికరం కుదురుకోకముందు వచ్చిన పొరపాటుగా భావించి తొలగించామని కింద రాసి ఉంది.