నీళ్లమీదే విప్పాలి

ఆదివారం ఉదయం పదకొండు గంటలు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్ట ముందు ఏజెంట్ ప్రసన్నకుమార్ నిలబడి ఉన్నాడు. నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు చీరలో ఒక యువతి పక్కనే వంగింది.

"డీజిల్ ఇంజన్ల పుస్తకం ఉందా?" అడిగిందామె.

"తడిసింది ఒకటుంది," అన్నాడతను.

"ఆరబెట్టకుండానే ఇవ్వండి."

కోడ్ సరిపోయింది. ఆమె మేఘన. విదేశీ ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంటుకు సమాచారం చేరవేసే డబుల్ ఏజెంట్. ప్రసన్నకుమార్ ఆమెను ఏనాడూ పూర్తిగా నమ్మలేదు.

"హుస్సేన్ సాగర్ జెట్టీలో ఒక లాంచీ," అందామె. " సాయంత్రం నాలుగింటికి రక్షణ శాస్త్రవేత్తలు ఎక్కాలి. మొన్న సర్వీసింగ్‌లో ఇంజన్ లేపి కింద బాంబు పెట్టారు. నేనక్కడే ఉన్నాను. టైమర్ నాలుగుంబావుకి."

"శాస్త్రవేత్తల్ని ఆపి, లాంచీని ఒడ్డుకి లాగేద్దాం."

"టిల్ట్ స్విచ్ ఉంది. కాస్త ఎక్కువ ఒరిగితే పేలుతుంది. జెట్టీ నిండా జనం. బాంబ్ స్క్వాడ్ కనిపిస్తే గట్టుమీది ముఠా మనిషి రిమోట్ నొక్కేస్తాడు. ఇంజన్ పైపైన చిన్న రిపేరని వాణ్ణి నమ్మించాను. నీళ్లమీదే విప్పాలి."

నాంపల్లి స్టేషన్ వెనక సందులో డీజిల్ మెకానిక్ మల్లయ్యకు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన స్పానర్ల సంచీ భుజాన వేసుకున్నాడు.

"గట్లయితే టైమ్ ఎందుకు ఖరాబ్ జేస్తున్రు? పాండ్రి."

ఒంటిగంటకు లాంచీలో పని మొదలైంది. ఇంజన్ నుంచి నీళ్లకింది ఫ్యాన్ తిప్పే షాఫ్టును విడదీయగానే లాంచీలోకి నీళ్లు కారడం మొదలుపెట్టాయి. మల్లయ్య గుడ్డలు కుక్కాడు. ఇంజన్‌ని పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో మూడు వచ్చాయి. నాలుగోది తుప్పుతో బిగుసుకుపోయింది. ప్రసన్నకుమార్ లేజర్ పెన్ తీశాడు. ఎర్రచుక్క వెలిగింది, వెంటనే చార్జింగ్ అయిపోయి ఆరిపోయింది.

"ఛ!"

"గా పెన్ను జేబుల పెట్టుకోండ్రి సార్. గా ఎడమదిక్కు పోయి కూసోండ్రి. ఇంజన్ లేస్తే లాంచీ కుడికి ఒరుగుతది. మీ బరువు కావాలె."

మూడు దేశాల్లో ట్రైనింగ్ పొందిన ఏజెంట్ బియ్యం బస్తాలా కూర్చున్నాడు. చీలమండలదాకా నీళ్లు. మేఘన మగ్గుతో తోడుతుంటే మళ్లీ ఊరుతున్నాయి. ముక్కు మీద దోమ వాలింది. కదిలితే లాంచీ ఒరుగుతుంది, కొట్టుకోవడానికి లేదు. మూడున్నర. నాలుగు. బోల్టు కదల్లేదు. పళ్లు నూరుకోవడం తప్ప అతనికి వేరే పని లేదు.

నాలుగూ పన్నెండుకి మల్లయ్య స్పానర్‌కి పైపు తొడిగి ఒంటిబరువంతా వేశాడు. కిర్రుమంటూ బోల్టు తిరిగింది. పైకప్పు దూలానికి కట్టిన చైన్ బ్లాక్ గొలుసు లాగాడు. ఇంజన్ నాలుగు వేళ్లు పైకి లేచింది. కింద ఎర్రలైటు మిణుకుమంది.

ఆ సందులో మల్లయ్య అరచెయ్యి దూరలేదు. మేఘన గాజులు తీసి నూనె నీళ్లలో బోర్లా పడుకుంది.

ప్రసన్నకుమార్ అనుమానంగా లేవబోయాడు.

"నమ్మకపోతే మానెయ్యండి," అందామె. "కదలకండి, చాలు."

భుజందాకా చెయ్యి దూర్చి బ్యాటరీ కనెక్టర్ లాగేసింది. లైటు ఆరింది. అప్పటికి టైమర్‌లో మిగిలింది రెండు సెకన్లు.

నాలుగుంబావు దాటినా పేలకపోయేసరికి గట్టుమీది ముఠా మనిషి రిమోట్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. దాన్ని అరచేతికేసి కొట్టి మళ్లీ నొక్కేలోగా, బాంబు ఆరేదాకా కాచుకున్న మఫ్టీ పోలీసులు వాడి రెండు రెక్కలూ పట్టుకున్నారు.

ప్రసన్నకుమార్ మేఘన వైపు చూసి తల వంచాడు. తర్వాత ఒళ్లు విరుచుకుని ఒడ్డు వైపు అడుగు వేశాడు.

"గప్పుడే యాడికి సార్?" అన్నాడు మల్లయ్య, గాల్లో వేలాడుతున్న ఇంజన్ చూపిస్తూ. "విప్పుడే అయింది. బిగించుడు ఇంక షురూ గాలే."