ఏడో సెకను

2071లో ఒంగోలు ఊపిరి కేంద్రంలో టోకెన్లు ఇచ్చే అమ్మాయి ప్రతి రోగినీ రెండే ప్రశ్నలు అడిగేది. పొద్దున ఏమైనా తిన్నారా, ఎవరి ఫొటో తెచ్చారు.

"మా తోడల్లుడిది," అన్నాడు వరసలో ముందున్న పెద్దాయన. "నలభై ఏళ్ళ కోపం తల్లీ. ఒక్క గడ్డతో సరిపెట్టుకోమంటే నా వల్ల కాదు."

వరసంతా నవ్వింది. పుష్యమి నవ్వలేదు. రొమ్ములో పుట్టిన కాన్సర్ ఆమె ఊపిరితిత్తులకు పాకి పదకొండు గడ్డలు వేసింది. నిన్నటికి పది కాల్చారు. మిగిలింది ఒక్కటి. ఐదేళ్ళ మిన్నుకి తను తప్ప ఎవరూ లేరు కాబట్టి ఆ ఒక్కటీ పోవాలి, తను బతకాలి.

ఆమె రెండు ఫొటోలు ఇచ్చింది. ఒకటి ఎప్పటిలా, తను వదిలి వచ్చేసిన భర్త గిరిధర్‌ది. రెండోది డాక్టరు అడిగి తెమ్మన్నది, మిన్నుది. పొద్దున గేటు దగ్గర ఎర్ర బుడగ కొనివ్వలేదని కనుబొమలు ముడేసి నిలబడ్డప్పుడు తీసింది.

"పాపకి అంతా నాన్న పోలికే అక్కా," అంది అమ్మాయి వాటిని యంత్రంలోకి ఎక్కిస్తూ. "లోపల పని అయ్యేదాకా నా దగ్గర కూచోబెట్టు."

నిప్పుసూది వెంట్రుకంత సన్నం. పక్కటెముకల మధ్య నుంచి లోపలికి పోయి, గడ్డను చేరి, దాన్ని అక్కడికక్కడే ఉడికించేస్తుంది. కోత లేదు, కుట్లు లేవు, మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చు. దారి చూపేది గురి అనే మాట్లాడే యంత్రం. మంట పెట్టే మీట మాత్రం రోగి బొటనవేలి కిందే ఉంటుంది. రోగి ఊపిరి బిగబట్టి దాన్ని నొక్కాలి. పూర్వం ఒక యంత్రం పొరపాటున మంచి ఊపిరితిత్తిని కాల్చి మనిషిని చంపాక, మీట మీద రోగికి తప్ప ఎవరికీ అధికారం లేదని చట్టం వచ్చింది.

తన ఒళ్ళు తను కాల్చుకోవాలంటే ఎవరి వేలైనా వణుకుతుంది. జనం భయపడి ముందే వదిలేసేవాళ్ళు. సగం చచ్చిన గడ్డ మళ్ళీ పెరిగేది. అప్పుడు డాక్టర్ హనీఫా ఒక ఉపాయం చేసింది. తెర మీద గడ్డకు బదులు, రోగి చచ్చేంతగా అసహ్యించుకునే మనిషి ముఖం పెట్టింది. లోపల గడ్డ కాలేకొద్దీ తెర మీద ఆ ముఖం కాలుతుంది. ఆ తర్వాత ఒక్కరూ ముందుగా వదల్లేదు.

"ఈరోజుది పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉందమ్మా," అంది హనీఫా, బల్ల మీద పడుకున్న పుష్యమితో. "ఏడు సెకన్లు కాలిస్తే గడ్డ చస్తుంది. తొమ్మిది దాటితే నాళానికి చిల్లు పడుతుంది. ఇక ఆ నెత్తురు ఆపడం నా వల్ల కాదు."

"నిన్న ఈమె పదకొండు సెకన్లు నొక్కింది," అంది గురి. "మొన్న పదమూడు. వదలమన్నా వదల్లేదు."

"వినబడలేదు," అంది పుష్యమి.

"వినబడింది," అంది గురి.

"అందుకేగా పాప ఫొటో," అంది హనీఫా. "ఏడో సెకనుకి వాడి ముఖం పోయి పాప ముఖం వస్తుంది. తల్లి వేలు దానంతటదే లేస్తుంది."

"దీన్ని ఇంతవరకు ఎవరి మీదా పరీక్షించలేదు డాక్టర్," అంది గురి.

"ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. నాకు పరీక్షలు అక్కర్లేదు."

సూది దిగింది. పుష్యమి ఊపిరి బిగబట్టింది. తెర మీద గిరిధర్ వచ్చాడు. ఆ రోజు కూడా ఇలాగే కనుబొమలు ముడేసి, ఆమె కుడి అరచేతిని అట్ల పెనానికి అదిమిపెట్టి, పైకి ఏడు లెక్కపెట్టాడు. వంటింటి గుమ్మంలో మిన్ను పాలగ్లాసు పట్టుకుని చూసింది.

ఇప్పుడు లెక్క పుష్యమిది. ఆమె మీట నొక్కింది.

ఒకటి. పెదవులు మాడాయి. రెండు. కన్ను పొంగి పగిలింది. మూడు, నాలుగు. చర్మం బొబ్బలెత్తి చుట్టుకుపోయింది. ఐదు. ముక్కు కరిగి పళ్ళ మీదికి జారింది. ఆరు. నుదురొక్కటే మిగిలింది, ముడేసిన కనుబొమలతో.

ఏడు. ముఖం మారింది.

కనుబొమలు మారలేదు. అదే ముడి, అదే చూపు. అది మిన్ను అని పుష్యమికి తెలుసు. బుడగ రంగు కూడా గుర్తుంది. వేలు లేవలేదు.

"వదలండి," అంది గురి.

ఎనిమిది. పాప బుగ్గ నల్లబడింది.

"మిన్నుని కాలుస్తున్నావమ్మా!"

హనీఫా అరుపుకి వేలు లేచింది. గడియారం ఎనిమిది సెకన్లు దాటి తొమ్మిదికి వెంట్రుకవాసిలో ఆగింది.

హనీఫా చాలాసేపు తెర చూసింది. "నాళం నిలిచింది. గడ్డ చచ్చింది. బతికావు తల్లీ," అని మొహం తుడుచుకుంది. "భయంతో వేలు కొయ్యబారింది, అంతే."

"కొయ్యబారలేదు," అంది గురి. "పాప ముఖం వచ్చాక వేలి ఒత్తిడి రెట్టింపైంది."

"గురీ, అది రికార్డులో రాయొద్దు."

"రాయకుండా ఉండే అధికారం నాకు లేదు డాక్టర్."

పుష్యమి చీర సర్దుకుని బయటికి వచ్చింది. టోకెన్ల అమ్మాయి పక్కన మిన్ను ఇంకా అలిగే ఉంది.

"ఇంతసేపా?" అంది, కనుబొమలు ముడేసి.

పుష్యమి కుడి చేతిని కొంగులో దాచి ఎడమ చేయి చాచింది.

"ఆ చెయ్యి కాదు," అంది మిన్ను. వెనకనుంచి చుట్టి వచ్చి, కొంగులోంచి కాలిన చేతిని లాగి, ఎప్పటిలాగే బొటనవేలిని గుప్పిట్లో పట్టుకుంది.

గేటు దాటేదాకా పుష్యమి ఒక్కసారి కూడా ఊపిరి బిగబట్టలేదు. పక్కవాళ్ళకు వినబడేంత గట్టిగా పీలుస్తూ, వదులుతూ నడిచింది.