ఏరోడ్రమ్‌లో రెండు వరసల లాంతర్లు

కడియానికి అవతల పాత ఏరోడ్రమ్ ఉంది చూశారూ, ఒకప్పుడు చీకటి పడితే అటు ఎవరూ వెళ్లేవారు కాదు. యుద్ధం రోజుల్లో తెల్లవాళ్లు పంటచేలు లాక్కుని వేసిన రన్‌వే అది. ఓ రాత్రి జపాను బాంబుల భయంతో అక్కడ దీపాలన్నీ ఆర్పేశారట. పైనున్న ఓ విమానానికి దిగే చోటు కనపడలేదు. ఎక్కడ కూలిందో తెలీదు... అప్పట్నుంచీ పైనే తిరుగుతోందనేవారు.

పగలు మాత్రం ఏ భయమూ ఉండేది కాదు. అంత చదునైన సిమెంటు కళ్లం ఇంకెక్కడ దొరుకుతుంది? ఊరంతా ధాన్యం అక్కడే ఆరబోస్తారు.

తొంభై ఎనిమిదిలో ఓ సాయంత్రం, తుపాను వస్తోందని రేడియోలో చెప్పారు. ఆ ఊరి రైతు శ్యామలాంబ ధాన్యం ఇంకా తూర్పారబట్టలేదు. తెల్లారేలోగా పొల్లు పోగొట్టి బస్తాలకెత్తకపోతే ఏడాది కష్టం తడిసి మొలకెత్తుతుంది. గాలా — ఆకు కదలడం లేదు.

గాలి ఎప్పుడొస్తే అప్పుడే పని మొదలెడదామని, రాశికి అటో వరస, ఇటో వరస లాంతర్లు పెట్టించిందావిడ. కాపలా భీమరాజు ఆవిడ పక్కకొచ్చాడు.

"అమ్మగారూ... అలా వరసగా వద్దండి," అన్నాడు గుసగుసగా. "దిగమన్నట్టుంటుందండి."

"నోర్మూసుకుని చేట అందుకో."

పదకొండు దాటింది. ఎక్కడో... సన్నగా... రొద. ఆకాశంలో ఏమీ లేదు. రొద మాత్రం దగ్గరకొచ్చింది — ఇంకా దగ్గరకొచ్చింది — తలమీదుగా పోయింది! వెనకాలే ఈదురుగాలి. భీమరాజు ధాన్యంలో బోర్లా పడ్డాడు.

శ్యామలాంబకీ ఒళ్లు జలదరించింది. అయినా వచ్చిన గాలిని వదులుకుంటుందా? పీటెక్కి చేట ఎత్తింది. పొల్లు ఎగిరిపోయి గింజలు కాళ్ల దగ్గర పడ్డాయి.

"నాయనా!" అని పైకి అరిచింది. "ఇది మా మావగారి చేను! ధాన్యం అడ్డుంది, ఇప్పుడే దిగకు! ఇంకో చుట్టు తిరిగి రా!"

తిరిగొచ్చింది, వెనకాలే మళ్లీ గాలి. అలా దాన్ని పదమూడు చుట్లు తిప్పిందావిడ.

ఆఖరి బస్తా పక్కకు లాగేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆవిడకి ఎందుకో ఏడుపొచ్చింది. "ఏభై ఏళ్లుగా తిరుగుతున్నావు... ఇక దిగు బాబూ," అంది.

నేల అదిరింది. చక్రాల చప్పుడు లాంతర్ల మధ్యగా పరుగెత్తి... ఆగింది. చీకట్లో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. తను కాదని భీమరాజు ఒట్టేశాడు.

ఆ రొద మళ్లీ వినపడలేదు. ఊళ్లో రైతులకు మాత్రం శ్యామలాంబ మీద ఇప్పటికీ పీకల్దాకా కోపం.

"మా ధాన్యం కూడా అయ్యాక దింపొచ్చు కదండీ!"