ఆకలి లేని ఇద్దరు

"షుగర్ ఉందా?" అంది మందుల షాపులో తెల్లకోటు అమ్మాయి, నా చీటీ మీంచి తలెత్తకుండా.

"లేదండీ. ఒళ్ళే ఉంది."

ఆమె నవ్వలేదు.

నేను లిఫ్టుల మెకానిక్‌ని. రెండు నెలల క్రితం ఓ లిఫ్టు పైకప్పు తలుపులో నడుము దాకా దూరి ఇరుక్కుపోతే నలుగురు పట్టి లాగారు. మర్నాడే డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. బరువు తగ్గడానికి, షుగర్ వాళ్ళకిచ్చే ఇంజెక్షనే వారానికొకటి రాసిచ్చాడు. దాంతో నా ఆకలి అటకెక్కింది.

"ఒక్క ప్యాకెట్టే ఉంది. షుగర్ పేషెంట్ కోసం పక్కన పెట్టాను."

"నాకూ డాక్టరే రాశాడు కదండీ! సరదాకి పొడుచుకుంటున్నానా?"

"సరదాకి అన్నానా? స్టాక్ లేదన్నాను!"

కళ్ళెర్రజేసింది. ఆ కళ్ళు అంత పెద్దవని అప్పుడే చూశాను. నా కోపం ఎటు పోయిందో నాకే తెలీదు.

"పోనీ, వాళ్ళకే ఇవ్వండి. వాళ్ళకే ఎక్కువ అవసరం. నేను వచ్చే వారం వస్తా."

వచ్చే వారం అన్నవాణ్ణి మర్నాడే వెళ్ళాను, దగ్గుమందుకి. ఆ పై రోజు బ్యాండేజీకి.

"మీ ఇంట్లో ఎంతమంది రోగులండీ?" అంది, నవ్వాపుకుంటూ.

ఇంకో రోజు ధైర్యం చేసి లంచ్‌కి పిలిచాను. కాసేపు ఆలోచించి, "శనివారం" అంది. ఆ పూట నేను బాగుచేసిన లిఫ్టు మూడు నొక్కితే ఏడుకి పోయిందట. దాని తప్పేం లేదు.

శుక్రవారం స్టాక్ వచ్చిందని తనే ఫోన్ చేసింది. వెళ్ళి తెచ్చుకుని, అప్పుడే వేసుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను. శనివారం హోటల్లో మెనూ చదివితేనే నా కడుపు నిండిపోయింది. పిసినారి అనుకుంటుందేమోనని నాలుగు రకాలు చెప్పాను. ఆమె ఇంకో రెండు చెప్పింది. అరగంటసేపు ఇద్దరం ప్లేట్లు కెలుకుతూ కూర్చున్నాం.

ఉండబట్టలేక అడిగాను. "నేను నచ్చలేదా? ఏమీ తినట్లేదు."

"మీరు మాత్రం తింటున్నారా?"

"నిన్న ఇంజెక్షన్ వేసుకున్నానండీ."

పకపకా నవ్వింది. "నేనూ వేసుకున్నా! వేసుకున్న మర్నాడు విందులు పెట్టుకోకండని రోజూ అందరికీ చెప్పేది నేనే. మీరు పిలిచేసరికి నాకే గుర్తు రాలేదు."

అంతలోనే నవ్వు ఆగిపోయింది.

"ఆ రోజు పక్కన పెట్టిన ప్యాకెట్టు నాదే. మూడేళ్ళ నుంచి నాకు షుగర్. ఈ మాట వినగానే ఒక సంబంధం వెనక్కి పోయింది. మీరూ వెళ్ళాలనుకుంటే ఇప్పుడే వెళ్ళండి. మీకు అలవాటు పడ్డాక వదులుకోవడం నా వల్ల కాదు."

"నాకు ఎప్పుడో అలవాటైపోయింది. మీరంటే ఇష్టమండీ. చాలా ఇష్టం."

"మీ అమ్మగారు ఒప్పుకోవద్దూ?" అంది.

అక్కడే అమ్మకి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాను.

"అమ్మా, నాకో అమ్మాయి నచ్చింది. తనకి షుగర్ ఉంది."

ఎదురుగా ఆమె చెంచా కింద పెట్టి ఫోను వైపు వంగింది.

"ఉంటే? నాకు ఇరవై ఏళ్ళ నుంచి ఉంది. మీ నాన్న ఎక్కడికైనా పారిపోయాడా?" అంది అమ్మ. "ఆ పిల్లకివ్వు ఫోను. నీతో నాకేం పని!"

ఇచ్చాను. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. మాత్రలు, నడక, నా చిన్నప్పటి అల్లరి, అన్నీ అయ్యాయి. నేనొకణ్ణి ఎదురుగా ఉన్నానని ఇద్దరికీ గుర్తు లేదు.

చివరికి ఆమె కళ్ళు తుడుచుకుని, నా వైపు చూడకుండా, "అలాగే, అత్తయ్యా" అంది.