రెండు వరసల గ్రిన్యోలీనో

“వెంటనే రండి. మీరిచ్చిన మొక్కలు నన్ను నిండా ముంచాయి!”

అంతే, నీవెస్ ఫోను పెట్టేసింది.

ఫియొరెంజో నర్సరీలో చేతిపని అక్కడే వదిలేసి బయల్దేరాడు. నిన్నటిదాకా ‘నువ్వు’ అన్న మనిషి ఇవాళ ‘మీరు’ అంటోందంటే కొంప మునిగినట్టే. మూడేళ్ళ కిందట ఆమె తోటకు ద్రాక్ష అంట్లు ఇచ్చింది అతనే. మొక్కలతోపాటు అతని మనసూ అక్కడే వేళ్ళూనుకుంది. ఆ ముక్క చెప్పడానికి మాత్రం ఇంతవరకూ నోరు పెగల్లేదు.

అతను వెళ్ళేసరికి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని తోట వాలులో నిలబడి ఉంది. ఒక గుత్తి తుంచి అతని ముక్కు కిందికి తెచ్చింది.

“ఇదేమిటి?”

“ద్రాక్ష.”

“చమత్కారాలు తర్వాత. కాడ చూడండి.”

ఆమె అడిగిన డోల్చెత్తో రకం ద్రాక్ష పండేటప్పుడు గుత్తి కాడ ఎర్రబడుతుంది. ఇది పచ్చగానే ఉంది. అతను ఒక పండు నోట్లో వేసుకున్నాడు. పంటి కింద గింజలే గింజలు.

“ఇది గ్రిన్యోలీనో రకం,” అన్నాడు నీరసంగా. “ఎన్ని మొక్కలు?”

“రెండు వరసలు.”

మోన్‌ఫెర్రాతో అనే ఇటలీ గుట్టల సీమలో ఇది చిన్న తప్పు కాదు. అక్కడ ఊరికో ద్రాక్ష, వాలుకో వైను. చిక్కటి బార్బేరా తాగే ఇంట్లో పలచటి గ్రిన్యోలీనో పోస్తే, మామగారు గ్లాసులోకీ అల్లుడి మొహంలోకీ మార్చి మార్చి చూస్తాడు.

“చీటీలు తారుమారయ్యాయి. తప్పు నాదే,” అన్నాడతను.

“ఎలా?”

“కట్టలకు చీటీలు కడుతున్న రోజు మీరు నర్సరీకి వచ్చారు. జుట్టు నిండా వాన నీళ్ళు. నేను… చీటీల వైపు చూడలేదు.”

“బావుంది! వాన మీదికి నెట్టేస్తున్నారా?”

“వాన మీదికి కాదు.”

ఆమె చటుక్కున తల తిప్పుకుంది. కోపమో మరేమిటో అతనికి అంతుపట్టలేదు.

“అన్నీ పీకేసి నా ఖర్చుతో డోల్చెత్తో నాటిస్తాను. మూడేళ్ళలో కాపుకొస్తుంది. నా మొహం చూడనంటే పనివాళ్ళను పంపిస్తాను,” అన్నాడు. ఆ చివరి మాట అనడానికి అతనికి ప్రాణం పోయినంత పనైంది.

అప్పుడే ఆమె తండ్రి గౌదెన్సియో ట్రాక్టరు దిగి వచ్చాడు. పండు నోట్లో వేసుకుని, గింజలు ఉమ్మేసి, కూతురి వైపు వింతగా చూశాడు.

“ఇది ఇవాళ తెలిసిందా నీకు?”

“ఊఁ.”

“నడక రాకముందే ఆకు తడిమి రకం చెప్పేదానివి. రెండు వేసవులుగా ఈ ఆకులు కత్తిరిస్తున్నది నువ్వే కదే అమ్మాయ్!”

నీవెస్ చెవులు కందిపోయాయి. ఫియొరెంజో ఆమె వైపు తిరిగాడు. “నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“మరి అప్పుడే చెప్పలేదేం?”

“చెబితే మీ యజమాని నిన్ను వెళ్ళగొడతాడు. ఇంకెవరో వస్తారు. ఆకుతెగులనీ పురుగనీ నెలకోసారి నిన్ను పిలిపించాను. వచ్చి, ఆకు చూసి, మందు పేరు చెప్పి పోయావు! తిడితే అయినా నోరు విప్పుతావని ఇవాళ తిట్టాను.”

గౌదెన్సియో గట్టిగా నవ్వాడు. “పీకడాలు లేవు. మా నాన్న హయాంలో ఈ వాలు మీద ఐదు రకాలుండేవి, ఎవరూ చావలేదు. గురువారం కోత. తప్పు చేసినవాడే వచ్చి కోయాలి. కోశాక ఇక్కడే భోజనం, ఆ తర్వాత ప్రతి ఆదివారం కూడా.”

గురువారం ఇద్దరూ ఒకే వరసకు చెరోవైపు కత్తెరలతో నిలబడ్డారు. ఆకుల సందులోంచి నీవెస్ కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

“నువ్వంటే నాకు ప్రాణం,” అన్నాడతను, మూడేళ్ళ ఆలస్యంగా.

“వేళ్ళు జాగ్రత్త,” అందామె. ఒక గుత్తి కోసి బుట్టలో వేసి, “ఇంకా ఎంత కోయాలి?” అంది.

“ఇది, ఇంకొకటి. రెండే వరసలు.”

“అయితే మెల్లగా కోద్దాం.”