నీలి చెలిమ కాడ దూప

ఆకేరు మా ఊరు దాటాక ఒక చోట పెద్ద వంపు తిరుగుతుంది. ఎండాకాలం అక్కడ నీటిచుక్క కనపడదు, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఇసుకే. ఆ ఇసుక నడుమ ఒక పాత గుంట ఉంది... నీలి చెలిమ అంటారు. పొద్దు గూకాక అటువైపు ఎవరూ పోరు. బర్రె తప్పిపోయినా తెల్లారేదాకా ఆగుతారు.

నీలి అంటే ఒకప్పటి ఆడమనిషి, ఆమెను కళ్లతో చూసినవాళ్లు ఇప్పుడు లేరు. ఒక కరువు సంవత్సరం ఆ గుంటలో చేతులు పెట్టి చచ్చి పడి ఉందట. అప్పటి నుంచి రాత్రిపూట పిలుస్తుంది. దూప... దూప... అని. పోక తప్పనివాళ్లు అది అడిగింది ఇచ్చి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. అలా వచ్చినవాళ్లకు ఏమీ కాలేదు. నాకు తెలిసి అలా కాకుండా వచ్చినవాడు ఒక్కడే. అది చెబుతాను.

డెబ్బై ఒకటి, మే నెల. అరవై తొమ్మిది తెలంగాణ గొడవ చల్లారి రెండేళ్లు కూడా నిండలేదు. ఆ గొడవలో కాలేజీలు మూతపడి చదువు పోగొట్టుకున్న పిల్లలు ఊరికొకరైనా ఉండేవాళ్లు. మా ఊళ్లో లక్ష్మీనారాయణ సేటు కొడుకు ప్రభాకర్ అలాంటివాడే. వరంగల్‌లో చదువు ఆగిపోయి తండ్రి దుకాణంలో చింతపండు తూచుతూ కూర్చున్నాడు. పుస్తకం పట్టుకున్న మనిషి కనపడితే వాడికి ఒళ్లు మండేది. మండదా మరి?

అప్పుడే పూర్ణచంద్రరావు దిగాడు. సముద్రం పక్కన ఏదో యూనివర్సిటీలో రాళ్ల చదువు, మట్టి చదువు. కృష్ణ సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర, తీపినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే చోట, బురద తవ్వి చూశాడట. అందులో ఎర్రటి సన్న గింజలు దొరికాయట. అవి ఎక్కడి నుంచి కొట్టుకొచ్చాయో కనిపెట్టడమే ఆయన పరిశోధన. ఆకేరు పోయి మున్నేట్లో కలుస్తుంది, మున్నేరు కృష్ణలో... అందుకని గింజల వెంట నడుచుకుంటూ మా ఊరొచ్చాడు. బళ్లో మకాం.

మనిషి చెడ్డవాడేం కాదు. కాని మా మాట వింటే నవ్వు ఆపుకోలేడు. ఇక్కడివాళ్లు "జర ఆగుండ్రి" అంటే "జర ఆగుండ్రి" అని మళ్లీ తనూ అని, పొట్ట పట్టుకుని నవ్వేవాడు. సినిమాలో జోకరు వేషం చూసినట్టు చూసేవాడు మమ్మల్ని.

గుంట తవ్వడానికి యాకయ్యను పెట్టుకున్నాడు. యాకయ్య బావుల పని చేసేవాడు, ఇసుక సంగతి తెలిసినవాడు. నీలి చెలిమకు పాతిక అడుగుల దూరంలో తవ్వడం మొదలుపెట్టారు. జానెడు లోతుకొక పిడికెడు ఇసుక తీసి గుడ్డసంచిలో పోయాలి, చీటీ కట్టాలి. ఎనిమిది అడుగులు దిగాలి.

నాలుగడుగులు దిగాక యాకయ్య గడ్డపార ఆపాడు.

"సారూ, ఇసుక గిట్ల నిట్టనిలువు నిలవడది. మూతి ఎడల్పు చేసుకుంట దిగాలె. మేం చెలిమ తోడినా గట్లనే తోడుతం."

"వెడల్పు చేస్తే పైపొర జారి కిందపొరలో పడుతుందయ్యా. అన్నీ కలిసిపోతాయి. గోడ నిలువుగానే ఉండాలి."

"కూల్తది సారూ..."

"కూల్తది!" అని నవ్వాడు పూర్ణచంద్రరావు. "ఏం కూలదులే. తవ్వు."

నాలుగోనాడు సాయంత్రానికి ఏడడుగులు అయింది. తెల్లారితే ఆయన బస్సెక్కాలి. ఆఖరి అడుగు యాకయ్యకు అప్పజెప్పి, సంచులు ఒడ్డున పెట్టించి, చీటీలు రాసుకోవడానికి బడికి వచ్చేశాడు.

చీకటి పడింది. యాకయ్య రాలేదు.

భార్య వజ్రమ్మ ముందు ఊళ్లో మగవాళ్లను బతిమాలింది. తెల్లారనియ్యమన్నారు అందరూ. నీలి చెలిమ పక్కకు ఆ వేళప్పుడు ఎవడు పోతాడు? అప్పుడు బడికి వచ్చింది.

"మా ఇంటాయిన ఇంకా రాలే సారూ. నాకు గాబరైతాంది."

"నేను వెళ్లి చూసొస్తాను. నా సంచులు కూడా అక్కడే ఉన్నాయి."

దయ్యాలంటే నమ్మని మనిషే. కాని వజ్రమ్మ అతని నీళ్లసీసా అడిగి తీసుకుని, కుండలోంచి మెడదాకా నింపి, భుజానికి తగిలించి... గొంతు తగ్గించి చెప్పింది.

"గాడ నీలి ఉంటది సారూ. దూప అని అడుగుతది. అడిగింది ఇచ్చి, ఎనుకకు మర్రి సూడకుంట రా. ఎరికైన మనిషి గొంతుతోని గూడ పిలుస్తది. ఆగకు."

పూర్ణచంద్రరావు తల ఊపాడు. దారిలో సేటు దుకాణం ముందు ఆగాడు. తలుపులు మూయబోతున్నాడు ప్రభాకర్.

"అగరొత్తులు ఒక కట్ట ఇవ్వండి. కర్పూరం కూడా."

"గీ యాళప్పుడు ఏం పూజ సారూ?"

"పూజ కాదండీ. ఏట్లో మీ దయ్యం ధూపం అడుగుతుందట. ఇచ్చేస్తే ఊరుకుంటుందట. మా వైపు దయ్యాలు కోడిపుంజు అడుగుతాయి. మీవి పాపం... పేద దయ్యాలండీ!"

ప్రభాకర్ ఆయన మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోయాడు... ఆగాడు. లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది.

"సాంబ్రాణి గూడ కట్టాల్నా సారూ?"

మీలో కొందరికి ఇప్పటికే అర్థమయ్యుంటుంది. కానివాళ్లు ఇంకాస్త ఆగండి. ప్రభాకర్‌ను మాత్రం ఇప్పుడే తిట్టకండి, వాడి వయసు ఇరవై రెండు.

అక్కడ జరిగింది పూర్ణచంద్రరావు తర్వాత అందరి ముందూ చెప్పాడు. ఆయన చెప్పిందే చెబుతున్నాను.

అమావాస్య దగ్గరి చీకటి. చేతిలో టార్చి, బ్యాటరీలు నీరసించి పచ్చటి వెలుగు. ఒడ్డున సంచులు కనపడ్డాయి, భుజాన వేసుకున్నాడు. యాకయ్యా అని పిలిచాడు. పలకలేదు. ఇసుకలోకి దిగి గుంట కోసం వెతికాడు.

గుంట లేదు.

సాయంత్రందాకా తన కళ్ల ముందు తవ్విన ఏడడుగుల గుంట... లేదు. ఇసుక కాస్త లోపలికి దిగి పళ్లెంలా ఉంది. దారి తప్పి నీలి చెలిమ దగ్గరికి వచ్చానా అనుకున్నాడు.

అప్పుడు వినపడింది. భూమిలోంచి.

"దూ... ప..."

టార్చి అటు తిప్పాడు.

ఇసుక మీద ఒక తల ఉంది. తల ఒక్కటే. మొండెం లేదు, చేతులు లేవు. జుట్టు, కనురెప్పలు, పెదాలు, అన్నీ ఇసుక పట్టి తెల్లగా ఉన్నాయి. నోరు తెరుచుకుంది.

"దూప... దూప..."

పూర్ణచంద్రరావు మోకాళ్ల మీద పడ్డాడు. టార్చి జారిపోయి ఆరిపోయింది. అగ్గిపుల్లలు నాలుగు విరిగాయి, ఐదోది అంటుకుంది. అగరొత్తుల కట్ట మొత్తం వెలిగించి, కళ్లు మూసుకుని, ఆ తల ముందు ఇసుకలో గుచ్చాడు. కర్పూరం వెలిగించాడు. సాంబ్రాణి పొడి దాని మీద పోశాడు. పొగ లేచింది... తల దగ్గింది.

"అడిగింది ఇచ్చాను. నన్నొదిలెయ్..."

లేచి నడిచాడు. వెనకనుంచి...

"సా... రూ..."

తెలిసిన గొంతులా ఉంది. ఎరికైన మనిషి గొంతుతో పిలుస్తుందని వజ్రమ్మ చెప్పింది కదా. ఆగలేదు. పరిగెత్తాడు. పరిగెత్తినంతసేపూ భుజాన సీసాలో నీళ్లు గడగడమని కొట్టుకుంటున్నాయి. సంచులు మాత్రం ఒక్కటీ వదల్లేదు.

బళ్లో దూరి గడియ పెట్టుకున్నాడు. వజ్రమ్మ వచ్చి తలుపు కొట్టింది, తియ్యలేదు. అరుగు మీద కూర్చుని పిలిచింది, పలకలేదు. తెల్లారేదాకా ఆమె ఆ అరుగు మీదే ఉంది.

తెల్లవారుతుంటే గొర్లు తోలుకుపోయే కట్టయ్య కేక పెట్టాడు. ఊరంతా ఉరికింది.

పైకి ఎక్కబోతుంటే కూలిన గోడ యాకయ్యను గొంతుదాకా పూడ్చేసింది. రాత్రి చాలాసేపు బతికే ఉన్నాడు, పెదాలు కొరుక్కున్న గుర్తులున్నాయి. మొహానికి జానెడు దూరంలో అగరొత్తుల పుల్లలు. బూడిద గాలికి ఎగిరి నోట్లో పడింది.

వజ్రమ్మ ఏడవలేదు. ఆ పుల్లలకేసి చూసింది.

"గీ ఊదుబత్తులు ఎవరు పెట్టిండ్రు?"

పూర్ణచంద్రరావు ముందుకొచ్చాడు. అంతా చెప్పాడు. చెప్పి, "నువ్వు చెప్పినట్టే చేశానమ్మా" అన్నాడు. "ధూపం అడిగింది... ఇచ్చాను."

"దూపంటే పొగ గాదు సారూ," అంది వజ్రమ్మ. "దూపంటే... నీళ్లు. పానం ఎండుకపోయి నీళ్లడుగుడు. గందుకేగద నీ సీసా నింపిచ్చిన..."

సీసా ఇంకా ఆయన భుజానే ఉంది. మెడదాకా నిండుగా.

పూర్ణచంద్రరావు గుంపులో ఎవరికోసమో వెతికాడు. ప్రభాకర్ మొహం దగ్గర ఆయన చూపు ఆగింది.

"మీకు... తెలుసు కదండీ? రాత్రి మీకు చెప్పాను కదా?"

ఊరు మొత్తం ఇటు తిరిగింది.

"నాకేం ఎరిక?" అన్నాడు ప్రభాకర్. "ఊదుబత్తులు అడిగిండు, ఇచ్చిన."

అంతే. ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది వాడి నోట్లోంచి. రాత్రి దోస్తులకు చెప్పి నవ్వుకుందామని దాచుకున్న ముచ్చట, పొద్దున ఎవరికీ చెప్పుకోలేనిదైంది. వజ్రమ్మ వాడికేసి చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆ దుకాణంలో ఉప్పురాయి కూడా కొనలేదు. ఏడాది తిరక్కముందే పిల్లను చంకనేసుకుని నెల్లికుదురు వైపు తల్లిగారింటికి వెళ్లిపోయింది.

రెండేళ్లకు బడికి పోస్టులో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. పరిశోధన పూర్తయిందట. ఎర్ర గింజలు మా ఆకేరువేనట. ప్రతి అడుగుకూ ఒక లెక్క రాశాడు. ఎనిమిదో అడుగు దగ్గర మాత్రం, గోడ కూలినందున నమూనా దొరకలేదు అని ఒక్క ముక్క ఉంది. సాయం చేసినవాళ్ల పేర్లలో యాకయ్య లేడు.

ఇప్పుడు నీలి గొంతు ఎవరికీ వినపడటం లేదు. మగగొంతు పిలుస్తోందని అంటారు. "సారూ, దూప" అంటుందట. ఆ సారు మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు కాబట్టి ఊళ్లో ఎవరికీ పెద్దగా భయం లేదు.

పోయిన వేసవిలో బండి ఇరుసు విరిగి, నర్సింహులపేట నుంచి రాత్రిపూట ఏటికి అడ్డంగా నడిచి రావాల్సి వచ్చింది నాకు. ఊరు చెప్పుకునేది తప్పు. ఆ గొంతు సారును పిలవడం లేదు.

"సేటూ..." అంది. "దూప..."

మా బాపు లక్ష్మీనారాయణ సేటు పోయి ఆరేళ్లయింది. ఆయనకు ఒక్కగానొక్క కొడుకుని, ఈ ఊళ్లో సేటు అంటే ఇప్పుడు నేనొక్కడినే.

చెంబెడు నీళ్లూ ఇసుకలో పోశాను. ఇసుక తాగింది. వెనక్కి చూడకుండా నడిచాను.

మళ్లీ అడిగాడు.