సెల్లార్‌లో బండికి చోటు

గంగాధర్ ఆ పొద్దున కాఫీ తాగుతూ నవ్వాడు. ఆ ఇంట్లో అతను నవ్వి చాలా రోజులైంది. కానూరులో అపార్ట్‌మెంట్ కుదిరింది, సెల్లార్‌లో బండికి చోటు కూడా ఉంది. ఇప్పుడున్న ఇంటాయన సెల్లార్‌లో షాపులు కట్టిస్తాను, నెలాఖరుకి ఖాళీ చేయండి అన్నాడు. బండి రోడ్డు మీద పెడితే ఏమవుతుందో ఇంట్లోవాళ్ళందరికీ తెలుసు. కిందటిసారి దొంగలు బ్యాటరీతో పాటు ఐసు పెట్టెలు కూడా ఎత్తుకుపోయారు. చేపల వ్యాపారానికి ఆ బండే కాళ్ళూ చేతులూ.

ఇళ్ళకి కరువా అంటే, విజయవాడ చుట్టూ ఎటు చూసినా టూలెట్ బోర్డులే. ఏం బండి అని అడిగేదాకా ఇంటివాళ్ళందరూ మంచివాళ్ళే. చేపలని చెప్పగానే ఎవరో బంధువులు వస్తామన్నారని గుర్తొచ్చేది. అందుకే కానూరు ఇంటావిడ సీతారావమ్మగారికి ట్రాన్స్‌పోర్టు బండి అని చెప్పాడు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు తల్లి కొండలమ్మను బండిలోనే కూర్చోబెట్టి, తానొక్కడే మెట్లెక్కాడు. అక్కడ ఇంకో అబద్ధం కూడా ఆడాడు. అది భార్య సుధామణికి కూడా చెప్పలేదు.

కాఫీ అవ్వకముందే సీతారావమ్మగారు ఫోన్ చేసి ఇల్లు ఇవ్వడం కుదరదన్నారు. పొద్దున్నే ఎవరో ముసలావిడ పండుగప్ప చేప తెచ్చిచ్చి, మాటల్లో బండి సంగతి చెప్పేసిందట.

"చేప తీసుకున్నామండి, మేమూ తింటాం. కానీ కింద ఆ వాసనంటే మిగతా ఫ్లాట్లవాళ్ళు ఒప్పుకోరు."

అప్పుడే కొండలమ్మ ఖాళీ గంపతో మెట్లెక్కి వచ్చింది. కొత్త గడప తొక్కేముందు ఆ ఇంటివాళ్ళకి మంచి చేప ఇచ్చి రావడం ఆమెకు అత్తగారు నేర్పిన అలవాటు. ఉత్త చేతులతో వెళ్ళి ఒకరింట్లో దిగడం నామోషీ అనుకుంటుంది.

గంగాధర్ నోటికొచ్చినట్టు అరిచాడు. ఆమె వల్లే రోడ్డున పడ్డామన్నాడు. ఈ వయసులో ఆ గంప ఎందుకని అడిగాడు. సుధామణి అడ్డు రాబోతే కొండలమ్మే వద్దని సైగ చేసింది. కొడుకు అలిసి ఆగాక మెల్లగా అంది.

"బండి సంగతి నోరు జారేనురా, తప్పు నాదే. రెండోది మాత్రం బయటపెట్టలేదు."

"ఏంటది?"

"నీకు అమ్మా నాన్నా లేరని ఆవిడకి చెప్పావంటగా. నువ్వెవరని అడిగిందావిడ. చేపలు కోసే పనిమనిషినని చెప్పేను."

సుధామణి భర్త వంక చూసి మొహం తిప్పుకుంది. అమ్మ గంప మోస్తుందని తెలిస్తే ఇల్లివ్వరని భయపడ్డాడు. దిగాక నెమ్మదిగా తీసుకెళ్దామనుకున్నాడు. ఇదంతా గంగాధర్ చెప్పేలోపే కొండలమ్మ రోజూలాగే గంప కడగడానికి కుళాయి దగ్గరకెళ్ళింది. ఆ వంగిన వీపు చూశాక అతనికి ఏడుపు ఆగలేదు.

కళ్ళు తుడుచుకుని సీతారావమ్మగారికి ఫోన్ చేశాడు.

"పొద్దున మీకు చేప తెచ్చింది పనిమనిషి కాదండీ. మా అమ్మ."

 అయినా ఇల్లు మాత్రం ఇవ్వలేమని ఆవిడ నసిగారు. ఇంటి కోసం చెయ్యలేదండీ అని ఫోన్ పెట్టేసి, తల్లి చేతిలో గంప తీసుకుని తానే కడిగాడు. ఇప్పుడు బండి ఎక్కడ పెడతావురా అని ఆమె అడుగుతూనే ఉంది.

సాయంత్రం ఇబ్రహీంపట్నంలో ఇంకో టూలెట్ బోర్డు ముందు బండి ఆపాడు. ఈసారి తల్లిని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ఎంతమంది ఉంటారని ఇంటాయన అడిగాడు.

"ముగ్గురమండి. ఈవిడ మా అమ్మ. మాది చేపల బండి."

ఆ ఇల్లూ దొరకలేదు. మెట్లు దిగేటప్పుడు కొండలమ్మ కొడుకు చెయ్యి వదల్లేదు.